మంద కట్టిన చోటు

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు ఒక్క చిన్న అబద్ధం. ఇవాళ దాన్ని మీ ముందు దించేస్తున్నాను. జాలిపడకండి, నేనేం ఏడవడంలేదు. పొద్దున్నుంచి ఇంట్లో కాలు నిలవడంలేదు, రెండుసార్లు పాలు పొంగించాను.

మావాళ్ళు గొర్రెల కాపరులు. పాలమూరు వైపు. చూశారా, రాసేశాను! ఇంత చిన్న వాక్యం.

డెబ్బైల చివర్లో మావారి చదువు కోసం అమెరికాలో ఐడహోకి వచ్చాం. ఉన్నవి నాలుగైదు తెలుగు కుటుంబాలు. వీకెండ్ భోజనాల్లో "మీవాళ్ళేం చేస్తారండీ?" అని ఎవరైనా అడిగితే "వ్యవసాయం" అనేదాన్ని. అందరూ తలూపేవారు. నాకు ప్రభుత్వ భూముల ఆఫీసులో చిన్న ఉద్యోగం దొరికింది, మట్టి శాంపిల్స్ తెచ్చి టెస్ట్ చేయడం. మా బాస్ మూర్తిగారు తెలుగాయనే. వాళ్ళావిడ నన్ను చెల్లీ అనేది, గోంగూర వండితే ముందు నాకే వడ్డించేది.

కొండల పైన ఓర్వెన్ అనే కాపరి వంశం ఉండేది. తాతల నాటి నుంచీ ఒకే ప్రభుత్వ పచ్చిక మైదానంలో మేపుకుంటున్నారు. గొర్రెల వల్ల నేల పాడవుతోందని ఎవరో ఫిర్యాదు చేశారు. దాని మీద విచారణ పెట్టి, మట్టి తెమ్మని నన్ను పంపారు.

కారు దిగానో లేదో, ఆ వాసన! తడిసిన ఉన్ని వాసన. నాకేమైందో చెప్పలేను. బూట్లు విప్పేశాను. మందలోకి చెప్పులతో పోవద్దు బిడ్డా అనేవాడు మా నాన్న. ఆ చల్లటి బురదలో ఒట్టి కాళ్ళతో నిలబడి, ఆయన జీవాలను పిలిచినట్టే గొంతెత్తి పిలిచాను. మంద మొత్తం తలలెత్తింది! అమెరికా గొర్రెలండీ, పాలమూరు పిలుపుకి తలెత్తాయి! నవ్వాగలేదు నాకు. ఇది రాస్తుంటే ఇప్పుడూ ఆగడంలేదు.

ఆ వంశానికి పెద్ద మార్తా అనే ముసలామె. పరుగున వచ్చి నా కాళ్ళు చూసి, ఎవరు నేర్పారని అడిగింది. చెప్పేశాను. ఈ దేశంలో నేను నిజం చెప్పిన మొదటి మనిషి ఆవిడే. నా రెండు చేతులూ పట్టుకుని "అయితే నువ్వు మా పిల్లవే" అంది.

తరవాత మైదానమంతా తిప్పింది. గడ్డిలో అక్కడక్కడా ముదురు పచ్చగా చదరపు మడులు. అవేమిటో ఆవిడ చెప్పకముందే నాకు తెలిసిపోయింది. మంద కట్టిన చోట్లు! మా ఊళ్ళో రైతులు నాన్నని బతిమాలి మరీ పొలాల్లో రాత్రిళ్ళు మంద కట్టించుకునేవారు, ఎరువు కోసం. ఇవాళ ఇక్కడ, రేపు ఆ పక్కన. ఓర్వెన్ వాళ్ళూ అంతే, రోజూ సాయంత్రం తడికలు జరిపి కొత్తచోట కట్టేవారు. "మేం ఈ నేల పెట్టింది తింటాం, మళ్ళీ దానికే వండిపెడతాం" అంది మార్తా. వాళ్ళింట బిడ్డ పుడితే ఉన్నిలో చుట్టి ముందు ఆ మైదానం చుట్టూ తిప్పుతారట.

ఆఫీసు చెప్పింది మాత్రం గుడిసె పక్కన ఈనే గొర్రెలని ఉంచే పాత దొడ్డి మట్టి తెమ్మని. అక్కడ నేల మాడిపోయి ఉంది. అదే తెచ్చాను. విచారణలో మిగతాది చెప్పొచ్చులే అనుకున్నాను. నిజంగా చెబుదామనే అనుకున్నాను.

విచారణ రోజు హాలు నిండిపోయింది. మార్తా ముందు వరసలో కూర్చుని నన్ను చూసి నవ్వింది. టేబుల్ మీద మైదానం ఫోటోలు. మూర్తిగారు వాటిమీద వేలు పెట్టి, నావైపు వంగి, తెలుగులో గుసగుసగా అడిగారు.

"ఏమ్మా, ఈ పచ్చ మచ్చలేంటి? నీకేమైనా ఐడియా ఉందా?"

ఆయన నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. చెబితే రాసుకునేవారు. కానీ "నీకెలా తెలుసు?" అని ఆ వెంటనే అడుగుతారు కదా! ఆదివారానికల్లా అన్ని ఇళ్ళకీ తెలుస్తుంది కదా!

"నాకేం తెలుసండీ. శాంపిల్స్ తెచ్చానంతే" అన్నాను. తల కూడా అడ్డంగా ఊపాను.

మార్తాకి తెలుగు రాదు. తల ఊపడం అర్థమైంది. లేచి "ఈ పిల్లకి తెలుసు, అడగండి" అని ఒక్క మాట అంటే నేను దొరికిపోయేదాన్ని. అనలేదు. నేను చెప్పుకోనిది తను బయటపెట్టకూడదనుకుందో, లేక ఇక నాతో పనిలేదనుకుందో. ఇప్పటికీ ఎటూ తేల్చుకోలేను.

నేను తెచ్చిన దొడ్డి మట్టి చూసి మేత ఆపేశారు. మంద అమ్ముడుపోయింది. మార్తా టౌన్లో కూతురి అపార్ట్‌మెంట్‌కి వెళ్ళిపోయిందని విన్నాను. ఆ తరవాతి ఎండాకాలం మైదానానికి వెళ్ళాను. ముళ్ళగడ్డి వచ్చింది. పచ్చ మడులు వెతికినా కనబడలేదు. మార్తా ఎప్పుడో పోయిందని పోయిన నెల తెలిసింది. ఆ మధ్య ఏళ్ళన్నిట్లో ఆవిడ ఉన్న ఇల్లు కారులో ఎంతో దూరం కూడా కాదు. ఎందుకు వెళ్ళలేదు?

దేనికోసం చేశాను ఇదంతా? గోంగూర కోసమా? నిజం తెలిస్తే మూర్తిగారి భార్య వడ్డించడం మానేసేదా? బహుశా ఇంకో గరిటె వేసేదేమో. ఆవిడకి ఆ అవకాశమే ఇవ్వలేదు నేను.

మార్తా లేదు కాబట్టి క్షమించేవాళ్ళూ లేరు. మీరు క్షమించొద్దు, అది మీ పని కాదు. ఆ రోజు మూర్తిగారడిగిన ప్రశ్నకి జవాబు వినండి, చాలు. అవి మంద కట్టిన చోట్లండీ. మా నాన్న గొర్రెలు కాసేవాడు. నాకు తెలుసు.