తాళం మాస్టారి గాజు అల్మారా

బడిలో సైన్సు చెప్పే ఆయన్ని పిల్లలు చాటుగా తాళం మాస్టారు అంటారు. ఆ పేరు ఆయనకూ తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడా. ప్రయోగశాలలోని గాజు సామాను అల్మారాలో పెట్టి తాళం వేసి, దాని మీద ఈగనైనా వాలనివ్వని మనిషి మరి. పిల్లలు ఆ గదిలోకి చేతులు వెనక్కి కట్టుకునే రావాలి. ఆయన చేసి చూపిస్తాడు, వాళ్ళు చూస్తారు, అంతే.

ఆ గదికి కొత్త సామాను ఇవ్వాలా, లేక గదినే బడి ఆఫీసుకు అప్పగించాలా అని తేల్చడానికి ఒక అధికారిణి వచ్చింది. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ అల్మారా తెరిచాడు.

"పదిహేనేళ్ళండి. ఒక్కటంటే ఒక్కటి పగల్లేదు."

ఆవిడ ఒక గాజు గొట్టం తీసి చూసింది. దానికి కంపెనీ చీటీ ఇంకా అంటుకునే ఉంది.

"మరి కొత్తవెందుకండీ మాస్టారూ? ఇవే కొత్తగా ఉన్నాయిగా. రేపు కొత్త సంగతులు కనిపెట్టేవాళ్ళు మన దేశంలోనే తయారవ్వాలని ఇస్తున్న డబ్బిది, గాజు దాచుకోడానికి కాదు. సెలవుల ముందు మళ్ళీ వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే గది ఆఫీసుకే."

మెల్లగానే అంది. అయినా మాస్టారికి చెంప మీద కొట్టినట్టయింది. ఇంటికెళ్ళి భార్యతో చెప్పుకుంటే ఆవిడ ఓదార్చలేదు సరికదా, "నాకు స్కూటర్ నేర్పారు, గుర్తుందా? హ్యాండిల్ ఒక్కసారైనా నా చేతికిచ్చారా?" అంది.

మర్నాడు అల్మారా బార్లా తెరిచి, "తీసుకోండర్రా" అన్నాడు. ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు. అలవాటు చేసింది తనే కదా, సిగ్గేసింది. చివరికి వెనక బల్ల అమ్మాయి ఒకతె లేచి, గొట్టంలో మైలుతుత్తం పలుకులు వేసి మంట మీద పట్టింది. నీలం పలుకులు తెల్లబడుతున్నాయి. అంతలో టప్పుమని గొట్టం అడుగు ఊడిపడింది. ఆ పిల్ల పై ప్రాణాలు పైనే పోయాయి. మాస్టారివీ పోయాయి గానీ, పైకి తేలనివ్వలేదు.

"చెయ్యి తెగలేదు కదా? సరే, పగలకముందు ఏం చూశావమ్మా?"

"పైన నీటి చుక్కలు చేరాయి సార్. అవి జారి వేడి అడుగుకు తగలగానే పగిలింది." తెల్లబడ్డ పలుకుల వైపు చూసి మళ్ళీ అంది. "ఎండు పలుకుల్లోంచి నీళ్ళెలా వచ్చాయి సార్?"

ఆ గదిలో ఆయన్ని ఒక పిల్ల ప్రశ్న అడగడం అదే మొదలు. ఆయనకు భలే సంతోషమేసింది. ఇంకో గొట్టం తీసి ఆ పిల్ల చేతికిచ్చాడు.

"ఈసారి మూతి కాస్త కిందికి వంచి పట్టు. నీళ్ళ సంగతి కలిసి తేలుద్దాం."

పగిలిన ముక్కను పారేయలేదు. అల్మారా ముందు వరసలో, అధికారిణి వస్తే మొదట కంటపడే చోట పెట్టాడు.