గుండ్ల ఫైలు

కల్లూరు సుంకన్నకు ఒకటే జబ్బు. ఒకటి మూస్తే తప్ప ఇంకోటి తెరవనివ్వడు. ఇంట్లో ఊరగాయ జాడీ మూత తీసి ఉంటే నేతిగిన్నె జోలికి ఎవరూ పోకూడదు. ముందు జాడీ మూయాలి, గుడ్డ కట్టాలి, ఆ తర్వాతే నెయ్యి. ఈలోగా సంగటి చల్లారి రాయయ్యేది. ఆయన భార్య భీమమ్మ కాపురానికి వచ్చాక వేడి సంగటి తిన్నది పుట్టింట్లోనే.

మాటల్లోనూ ఇదే వరస. ఒకసారి కాబోయే వియ్యంకుడు వచ్చి, వానలు లేవని చెబుతూ చెబుతూ పిల్ల పెండ్లి ఊసెత్తాడు. సుంకన్న చెయ్యి అడ్డం పెట్టి, "వాన మాట మూసినావాప్పా? అది మూసినాక పెండ్లి తెరువు" అన్నాడు. కర్నూలు సీమలో వాన మాట ఎప్పుడు మూతపడాలి, ఆ పెండ్లి ఎప్పుడు కావాలి? వియ్యంకుడు చెప్పులేసుకుని పోయాడు.

ఇలాంటి మనిషిని తీసుకొచ్చి ఒక సర్కారు ఆఫీసులో హెడ్డు గుమాస్తాగా కూర్చోబెట్టారు. అది కర్నూలు రాజధాని అయిన కొత్త. ఆఫీసులకు ఇళ్లు చాలక గుడారాలు వేశారు. ఆషాఢం గాలి ఆ గుడారాల్లో దూరి, మూడు ఫైళ్లను ఎగరేసుకుపోయి హంద్రిలో పడేసింది. రేవులో బట్టలుతికేవాళ్లు పాపం మంచివాళ్లు. వాటిని పట్టి, ఉతికి, ఆరబెట్టి తెచ్చిచ్చారు.

దాంతో ఆఫీసరుకు ఒళ్లు మండి ఆర్డరు వేశాడు. మీద బరువుగుండు లేకుండా ఏ ఫైలూ తెరవకూడదు. గుడారానికి ఇచ్చిన గుండ్లు ఎనిమిది. అంటే ఏకకాలంలో తెరిచి ఉండదగిన ఫైళ్లు ఎనిమిది. జిల్లాల జనం గోడంతా ఆ ఎనిమిది గుండ్ల కింద ఇమడాలన్నమాట. పుట్టుకతోనే ఈ జబ్బున్న సుంకన్నకు ఆ ఆర్డరు దేవుడిచ్చిన వరంలా కనబడిందని గుడారంలో అందరూ పళ్లు నూరారు.

అందరికంటే గట్టిగా నూరినవాడు దావీదురాజు. చిన్న గుమాస్తా, రాయచోటివాడు. భార్య ఏసుమణి అక్కడి బడిలో టీచరు, చూలాలు, దగ్గర పెద్దదిక్కెవరూ లేరు. కాన్పు లోపల రాయచోటికి బదిలీ చేయమని అర్జీ పెట్టుకున్నాడు. అర్జీ కదలాలంటే ఫైలు తెరవాలి. ఫైలు తెరవాలంటే గుండు ఖాళీ కావాలి.

"అన్నా, నా ఫైలు ఎప్పుడు తెరుస్తారు?"

"గుండు ఖాళీ లేదప్పా."

"ఇంకో గుండు తెప్పించండి."

"దానికే గదప్పా ఫైలు పెట్టిండేది. అదో, ఆ ఎనిమిదో గుండు కింద."

వినడానికే కడుపు మండే సంగతి ఇది. తొమ్మిదో గుండు కావాలని అడగడానికి ఒక ఫైలు తెరిచారు. ఆ ఫైలు ఎగిరిపోకుండా దాని మీద ఒక గుండు పెట్టారు. ఉన్న ఎనిమిదిలో ఒకటి పోయి పనికొచ్చేవి ఏడయ్యాయి.

"బయట అడుగు తీసి అడుగేస్తే రాళ్లే. కర్నూల్లో రాళ్లకు కరువా అన్నా?"

"అవి ఊరి రాళ్లప్పా. సర్కారు కాగితం మీద ఊరి రాయి పెడితే రేపు జవాబు ఎవురు చెప్తారు?"

పోనీ సర్కారు వారు పంపినప్పుడైనా తీసుకున్నాడా? స్టోర్సు నుంచి గుండ్రటివి వచ్చాయి. "దొర్లుతాండాయి" అని తిప్పికొట్టాడు. పలకలవి వచ్చాయి. "అంచులకు కాగితం చినుగుతాది" అన్నాడు. పింగాణీవి వచ్చాయి. "పగిలితే పూచీ ఎవురిది?" అన్నాడు. వద్దన్నప్పుడల్లా నాలుగు కాగితాలు రాసి గుండ్ల ఫైల్లో కుట్టేవాడు. అది రోజురోజుకూ ఉబ్బి దిండంత అయింది. గాలి కాదు, గాడిద తన్నినా కదలదు. అయినా దాని మీద ఒక గుండు కూర్చునే ఉంది. దావీదురాజుకు ఆ గుండు తన గుండె మీదే ఉన్నట్టుండేది.

ఆఫీసరుకు కూడా ఆ ఫైలంటే అరికాలి మంట నెత్తికెక్కేది. హంద్రిలో పడ్డ ఫైళ్లలో ఒకటి ఆయన సొంత ప్రమోషనుది. అందుకని పొద్దున రాగానే, "గుండ్ల ఫైలు తెండి, ఏమైందో చూద్దాం" అనేవాడు. చూసేవాడు, చిరాకుపడేవాడు, సంతకాలు గీకి విసిరేసేవాడు. మళ్లీ మరునాడు అదే వరస.

వేసవి వచ్చింది. ఏసుమణికి నెలలు దగ్గరపడ్డాయి. ఇంక దావీదురాజు ఆగలేకపోయాడు. బండలు కోసే షాపుకు పోయి, బేతంచెర్ల రాయితో గుండ్లు చేయించాడు. దొర్లవు, అంచులు నున్నగా ఉన్నాయి, పగలవు. వాటిని ఆఫీసుకు దానమిచ్చినట్టు కాగితం రాసి నేరుగా ఆఫీసరు ముందు పెట్టాడు. దానమిచ్చాక అవి సర్కారు రాళ్లే కదా.

ఆఫీసరు ముఖం చాటంత అయింది. "శభాష్. సుంకన్నా, సాయంత్రం లోపల ఆ దరిద్రపు ఫైలు మూసేసి రికార్డు రూముకు పంపించు."

సుంకన్న దావీదురాజు వైపు ఒక్క చూపు చూశాడు. ఊళ్లో వాళ్ల కుండలన్నీ పగలగొట్టి వచ్చిన పిల్లవాణ్ణి చూసినట్టు చూశాడు.

మధ్యాహ్నం గుడారం ముందర ఒక అవ్వ చెంగు నెత్తిన వేసుకుని నిలబడింది. పత్తికొండ పక్క పల్లె నుంచి వచ్చిన గిడ్డమ్మ.

"నాయనా, గుండ్ల ఫైలు ఈడేనా?"

దావీదురాజు విస్తుపోయాడు. "నీకు గుండ్లతో ఏం పని అవ్వా?"

"మా ఊరి బాయి దాంట్లోనే ఉండాది గదా. గట్టు కూలి పూడిపాయ. తాగే నీళ్లకు ఆమడ దూరం పోతాండాము. అర్జీ ఇస్తే సుంకన్నప్ప, కొత్త ఫైలంటే మీ వంతు మనవళ్ల కాలానికి వస్తాది, ఉండుమని దాంట్లో కుట్టినాడు. కొలతలోళ్లు వచ్చి కొలిచిపోయినారు. ఇంక దొర సంతకం ఒగటే మిగిలుండాదంట. ఆ ఫైలు ఈ పొద్దే మూస్తారని బయట అనుకుంటాండారు, మూయకుండా చూడు నాయనా."

దావీదురాజు లోపలికి వచ్చాడు. వస్తూనే మండిపడ్డాడు.

"ఏమన్నా ఇది? ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్పాలంటే నేను నోరు తెరవాల. దానికి నీ నోరు మూతపడాల గదప్పా. అది యాడ మూసినావు?" అన్నాడు సుంకన్న. "ఎనిమిదే తెరవమన్నారు. తెరవాల్సినవి కొండంత ఉండాయి. దొర తనంతట తాను అడిగి చూసేది ఈ ఒక్క ఫైలే. అందుకే ఎవురి గోడు వచ్చినా దీంట్లోనే కుట్టినా. బాయి గట్టుకు రాళ్లు కావాల. గుండ్లూ రాళ్లే. విషయం ఒగటే. గాలికి బడి కప్పు లేచిపాయనంటే అదీ గాలి విషయమే."

"మరి నా బదిలీ?"

"బాయి కిందనే ఉండాది. ఈడి రాళ్లు ఏవీ పనికిరాలేదు, కడప పక్క మంచి నల్లరాయి దొరుకుతాది, ఎంచేదానికి ఆ సీమ మనిషిని రాయచోటికి వేయాల అని రాసినా. రేపు సంతకం అయ్యేది. నువ్వే ఈడ రాయి తెచ్చిపెడితివి. ఇంక నిన్నెందుకు పంపుతారు?"

దావీదురాజు తల పట్టుకున్నాడు. తన మీద తనకే అంత కోపం ఎప్పుడూ రాలేదు. కాసేపటికి లేచి, తాను చేయించిన గుండ్లలో ఒకటి తీసుకుపోయి గుడారం బయట పెట్టాడు. కర్నూలు ఎండ తన పని తాను చేసింది. గుడ్డతో పట్టుకుని దాన్ని ఆఫీసరు బల్ల మీదికి తెచ్చాడు.

"సార్, ఈ రాయి పనికిరాదు."

"నువ్వు తెచ్చిందే కదయ్యా?"

"తెచ్చినోణ్ణి కాబట్టే చెప్తాండా సార్. పట్టుకుని చూడండి."

ఆఫీసరు పట్టుకున్నాడు. ఆయన వేసిన కేకకు పక్క గుడారంలోవాళ్లు తొంగిచూశారు.

"మరి ఏ రాయి కావాలిరా మీకు?" అన్నాడు వేళ్లు ఊదుకుంటూ.

"చల్లగుండే నల్లరాయి కడప పక్క ఉండాదంటారు సార్. వివరాలన్నీ లోపల రాసినా" అని సుంకన్న ఫైలు తెరిచాడు. నల్లరాయి ఇంకా ఎక్కువ కాగుతుందని పసిపిల్లలకు కూడా తెలుసు. చెయ్యి కాలినవాడికి తోచలేదు. కోపంగా బావికి ఒక సంతకం, బడికప్పుకు ఒకటి, దావీదురాజుకు ఒకటి పెట్టి, ఫైలు విసిరేశాడు. ఆ ఫైలు మూయమన్న మాట మళ్లీ ఎత్తలేదు.

దావీదురాజు ఏసుమణి దగ్గరికి వేళకే చేరాడు. ఆడపిల్ల పుట్టింది. అతని బదిలీ కాగితంలో విషయం అన్నచోట 'కాగితములు ఎగరకుండుటకు గుండ్లు' అని ఉండేసరికి రాయచోటి ఆఫీసువాళ్లు చాలా రోజులు నవ్వుకున్నారు. గిడ్డమ్మ ఊరివాళ్లు తమ బావిని ఇప్పటికీ గుండ్ల బావి అనే పిలుస్తారు.

నల్లరాయి మాత్రం దొరకలేదు. 'చూసిన రాయి కుదరలేదు' అని దావీదురాజు నెలనెలా కర్నూలుకు రాసేవాడు. రాసినప్పుడల్లా కింద ఎవరిదో ఒక అర్జీ కుట్టేవాడు. ఒకరోజు ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తా అది చూసి మండిపడ్డాడు.

"ఇదేం అన్యాయం సార్? రాయచోటిలో రాళ్లకు కరువా?"

"నువ్వు నోరు మూస్తే చెప్తానప్పా" అన్నాడు దావీదురాజు.