ఉతకని పిట్టల గుడ్డ

మొన్న ఆదివారం ఉదయం గదిలో ఉన్నది ఇద్దరం: నేను, మా నాయనమ్మ. ఉన్న వస్తువులు: ఒక రేకు పెట్టె, అందులో బటర్ పేపర్ మడతల మధ్య అరవై మూడు పట్టు స్కార్ఫులు, ఒక భూతద్దం, గ్రాములు చూపే చిన్న కాటా, స్టీలు స్కేలు, నీలం అట్ట నోటుపుస్తకం, హైదరాబాదు నుంచి వచ్చిన ఒక ఫారం, నాయనమ్మ చేతిలో టీ గ్లాసు. వీటికి దూరంగా కిటికీ అరుగు మీద, మూత బిగించిన ఊరగాయ సీసాలో అరవై నాలుగో స్కార్ఫు. సీసా మూత తిప్పగానే గదంతా ఎండుమిరప ఘాటు కమ్మింది. నేను తుమ్మడం మొదలుపెట్టాను. సీసా విప్పినప్పుడల్లా వచ్చే తుమ్ముల్ని లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసుకోవడం నాకు అలవాటు. నాయనమ్మ ఒక్క తుమ్మూ తుమ్మకుండా టీ తాగుతూ, “జలుబు చేసిందేందిరా?” అంది.

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగు. యంత్ర భాగాలు కొలత ప్రకారం వచ్చాయో లేదో తనిఖీ చేయడం నా ఉద్యోగం. సెలవు రోజుల్లో పాతకాలపు డిజైనర్ స్కార్ఫులు సేకరిస్తాను. ఒక్కోదాని పొడవు, వెడల్పు, బరువు, ఎన్ని రంగులు అద్దారు, అంచును చేత్తో చుట్టి కుట్టారా మిషను మీద కుట్టారా, అంగుళానికి ఎన్ని కుట్లు పడ్డాయి, మూలన గీసినవాళ్ల సంతకం ఉందా లేదా, అన్నీ రాస్తాను. “చెల్లెలికా?” అని అడుగుతారు ఆఫీసులో. చెల్లెలు లేదంటే “వచ్చే పెళ్లానికా?” అంటారు. ఎవరికీ కాదు, నాకే అంటాను. ఆ మాట తలదించుకోకుండా చెప్పడం నేను పదేళ్ల వయసులోనే నేర్చుకున్నాను. నేర్పింది ఆ సీసాలో ఉన్నదే.

నా చిన్నప్పుడు మా నాన్న మార్టూరులో గ్రానైటు పాలిష్ మిషను మీద పనిచేసేవాడు. మెరుగు పట్టిన పలకల్ని తుడవడానికి అక్కడికి పాత గుడ్డల బేళ్లు వచ్చేవి. ఏయే దేశాల్లోనో ఎవరెవరో తొడిగి వదిలేసిన చొక్కాలు, గౌన్లు, దుప్పట్లు అన్నీ కలిపి నొక్కి, పట్టీలు బిగించి పంపిన బేళ్లు అవి. నూలు గుడ్డ పలక మీది తడిని పీలుస్తుంది. పట్టు గుడ్డ జారిపోతుంది తప్ప తుడవదు. అందుకని బేలు విప్పిన రోజు పట్టువన్నీ ఏరి, రాతి బురద పోసే గుంటలో పారేసేవాళ్లు. నాన్న వాటిని గుంట దాకా పోనివ్వకుండా క్యారేజీ సంచిలో కుక్కి ఇంటికి తెచ్చేవాడు. సంచి విప్పితే పైన రాతిపొడి, కింద సాంబారు వాసన, నడుమ ఎప్పుడూ చూడని రంగులు.

మా నాయనమ్మ ఇరవై మంది ఆడవాళ్ల ముఠాకి మేస్త్రి. పత్తి తీతలు అయిపోయి, మా ముందుగదిలో మోకాటి లోతు పత్తి మీద దొర్లే మా ఆటలూ అయిపోయాక మిరప కోతలు మొదలయ్యేవి. అక్కడి నుంచి ఎండలు ముదిరేదాకా ఊరి చుట్టూ నేలంతా ఎర్రగా ఉండేది. కల్లాల్లో కాయలు ఎండుతుంటే గాలి మళ్లిన వైపు కుక్కలు కూడా తుమ్మేవి. పండుమిరపకాయల్ని చింతపండుతో కలిపి దంచిన కొరివికారం ప్రతి ఇంట్లో వేడన్నంలో నెయ్యి కోసం ఎదురుచూసేది. శివరాత్రి తిరునాళ్లలో కొన్న జీళ్లు నోట్లో పెట్టుకున్నా వేళ్లకంటిన కారమే ముందు తగిలేది. బడిలో పంతులుగారు పలకలు తుడవమంటే మేం ఉమ్మితో తుడిచేవాళ్లం గాని, ఆ చేతిని కంటి దగ్గరికి మాత్రం పోనిచ్చేవాళ్లం కాదు.

కోతకూ, కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరడానికీ వెళ్లే ఆడవాళ్లు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోవాలి. నూలు తువ్వాలు కడితే పొడి నేతలోకి దిగి కూర్చుంటుంది, మధ్యాహ్నానికల్లా ఆ గుడ్డే మంటపెడుతుంది. పట్టు అలా కాదు. విప్పి మూడుసార్లు గట్టిగా దులిపితే పొడంతా రాలిపోతుంది. పాలిష్ ఫ్యాక్టరీకి పనికిరాదన్న గుణమే, ఆ జారిపోయే గుణమే, మిరప చేలో పనికొచ్చింది. అలా మా నాన్న తెచ్చినవి ముఠా అంతటికీ చేరాయి. గొడుగుల గుడ్డ, చేపల గుడ్డ, గుర్రబ్బండి గుడ్డ అని వాటికి పేర్లు పెట్టుకున్నారు. ఎక్కడో పెద్ద పేరున్నవాళ్లు గీసిన బొమ్మలు మా చేలల్లో ఇరవై ముక్కుల మీద వరసగా కదిలేవి. ఒకటే నియమం: ఆ గుడ్డను ఎవరూ ఉతకరు. దులిపి, ఎండలో వేసి, మళ్లీ కట్టుకుంటారు.

వాటిని ముఠాకి పంచేముందు రకాలుగా విడదీసే పని నేను నాకు నేనే పెట్టుకున్నాను. అంచు నుంచి ఒక్క పోగు లాగి అగ్గిపుల్లతో ముట్టించేవాణ్ణి. వెంట్రుక కాలిన వాసన వస్తే పట్టు, కరిగి గుండులా ముడుచుకుంటే నైలాను. మూలన ఉన్న సంతకాల్ని అక్షరం తెలియకుండానే నోటుపుస్తకంలోకి ఎక్కించేవాణ్ణి. గోడుంబిళ్ల ఆటకు నాతో వచ్చే పిల్లలు దీన్ని చూసి నవ్వేవాళ్లు. అందరికన్నా ఎక్కువ నవ్వింది మా సాంబయ్య బాబాయి. ఆయన బస్తాలు తొక్కే జట్టులో పెద్దవాడు. గోనెసంచిలో మిరపకాయలు పోస్తుంటే లోపల నిలబడి కాళ్లతో తొక్కి బిగించడం, తర్వాత దబ్బనంతో మూతి కుట్టడం వాళ్ల పని. నేను కనిపిస్తే చాలు, “ఏవమ్మా రుమాళ్ల రాణీ, నీకో వోణీ కూడా తెప్పించమంటావా?” అనేవాడు.

నాకు పదేళ్లు వచ్చిన ఏడాది మాఘమాసంలో పిట్టల గుడ్డ వచ్చింది. పండుమిరప ఎరుపు నేల, దాని మీద ఎగిరే తెల్లపిట్టలు పన్నెండు, చేత్తో చుట్టి కుట్టిన అంచు, కుడి మూలన వంకీల సంతకం. అలాంటిది నేను చూడలేదు. దాన్ని దాచుకుంటానని ఏడ్చాను. “బొమ్మలు చూస్తా కూర్చుంటే నా దగ్గు తగ్గుద్దా?” అని నాయనమ్మ దాన్నే కట్టుకుని మిరప రైతు కోటేశ్వరరావు గారి కల్లానికి పోయింది. నెల తిరిగేసరికి తెల్లపిట్టలు కాస్త ఎరుపు తిరిగాయి. నాకు ప్రాణం ఆగలేదు. అంత మంచి వస్తువు శుభ్రంగా ఉండాలి, వాసన లేకుండా ఉండాలి అనుకున్నాను.

కోటేశ్వరరావు గారి కాయలు బస్తాలకెత్తే రోజు అది. నా అంకెలు గుండ్రంగా ఉంటాయని బస్తాల మీద నీలం రంగుతో నెంబర్లు వేసే పని నాకిచ్చారు. పొద్దున తాలు ఏరడం అయిపోయి, నాయనమ్మ ముక్కు గుడ్డ విప్పి మోటారు షెడ్డు కొక్కేనికి తగిలించి, ముఠాతో పక్కచేనికి వెళ్లింది. నేను గుడ్డ తీసి బోరు నీళ్లలో సబ్బు పెట్టి ఉతికాను. చేతులు మణికట్టు దాకా మండిపోయాయి. తాడు మీద ఆరేస్తే బాబాయి చూస్తాడు, నవ్వుతాడు. అందుకని కల్లం మూలన, ఇంకా ఎత్తని మిరపకాయల మీద పరిచాను. ఎరుపు మీద ఎరుపు. ఎవరికీ కనబడదని నేను వేసిన ఎత్తు అది. అన్నం తిని వచ్చేసరికి మూల బోసిగా ఉంది. కొత్తగా కుట్టిన బస్తాలు నాలుగు, నెంబర్ల కోసం నిలబెట్టి ఉన్నాయి.

కుంచె రంగులో ముంచి పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు అని వేశాను. ఆ నాలుగింట్లో ఒకదాని కడుపులో పిట్టల గుడ్డ ఉందని తెలిసీ, నోరు మెదపకుండా, అంకెలు వంకర పోకుండా వేశాను.

మర్నాడు నాయనమ్మ “కొక్కేనికి పెట్టిన గుడ్డ ఏ గాలికి పోయిందో” అనుకుంటూ నూలు తువ్వాలు కట్టుకుని వచ్చింది. పది గంటలకల్లా దగ్గుతో ఒంగిపోతోంది. లారీ వచ్చింది. నలభై ఎనిమిది బస్తాలూ ఒకటో నెంబరు నుంచి వరసగా ఎక్కించారు. తాళ్లు బిగిస్తుంటే కోటేశ్వరరావు గారు నాయనమ్మతో అన్నారు:

“నిరుడు పక్కూరోళ్ల బస్తా మిర్చి యార్డులో కోస్తే చింకిగుడ్డ బయటపడిందంట. సరుకంతా తిప్పి పంపారు. మళ్లా ఆ ముఠాని ఎవడూ పిలవలా. మన దాంట్లో అట్టాంటియ్యేం లేవుగా మేస్త్రమ్మా?”

“నా చేతిమీద పోయే సరుకులో తాలుకాయే ఉండదయ్యా. గుడ్డముక్క దొరికితే రేపట్నించి నన్ను మీ కల్లం తొక్కనీబాకండి,” అంది దగ్గు ఆపుకుంటూ.

ఇరవై మంది ఆడవాళ్లూ వింటున్నారు. లారీ మీద బాబాయి జట్టు ఉంది. నాతో గోడుంబిళ్ల ఆడే పిల్లలు లారీ వెనక వేలాడుతున్నారు. చెబితే నా గతి ఏమిటో తెలుసు. చెప్పకపోతే ఆమె గతి ఏమిటో అప్పుడే విన్నాను.

“ఉంది నాయనమ్మా,” అన్నాను.

“ఏంది ఉండేది?” బాబాయి పైనుంచి అరిచాడు.

“పిట్టల గుడ్డ. ఉతికి కాయల మీద ఆరేశా. పంతొమ్మిది నించి ఇరవై రెండు లోపలుంది.”

“ఉతికావా? నిన్నెవడు ఉతకమన్నాడ్రా రాణీ! బస్తాలన్నీ మళ్లా దించమంటావా నన్ను?”

“అన్నీ అక్కర్లా. పైవి దించి ఆ నాలుగూ విప్పితే చాలు. అది నా గుడ్డ, నేనే ఏరా, నేనే ఉతికా. నవ్వుకుంటే నవ్వుకో.”

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. పిల్లలు నవ్వనే నవ్వారు. నేను లారీ పక్కనుంచి కదల్లేదు. కోటేశ్వరరావు గారు చెయ్యి ఊపితే పై బస్తాలు దించారు. పంతొమ్మిది విప్పారు, లేదు. ఇరవై, లేదు. ఇరవై ఒకటి కుట్లు కోస్తూ బాబాయి తిట్టిన తిట్లు రాయను. అందులోనూ లేదు. ఇరవై రెండులో, సగం కాయలు గుమ్మరించాక, అప్పడంలా అణిగిపోయి బయటికొచ్చింది. ఒక మిరపకాయ తొడిమతో సహా ఒక తెల్లపిట్ట మీద అచ్చుపడి ఉంది.

నాయనమ్మ గుడ్డ వంక చూసి, కోటేశ్వరరావు గారి వంక తిరిగింది. “మాటన్నాను. దొరికింది. రేపట్నించి రానయ్యా.”

ఆయన బుగ్గ గోక్కున్నారు. “దొరికింది యార్డులో కాదుగదమ్మా, నా కల్లంలో. కల్లంలో పనికిరానియ్యి ఏరటానికేగా నిన్ను పిలిచింది? ఏరావు. అయిపోయింది.”

అప్పుడు ఆమె గుడ్డను మూడుసార్లు దులిపింది. అందరి ముందూ ముక్కుకు కట్టుకుంది. పిట్టల వెనక నుంచి బాబాయితో అంది: “రాణిగారు నెంబరు చెప్పబట్టి నాలుగుతో పోయింది, లేకపోతే నలభై ఎనిమిదీ కోసేవోడివి. కుట్టు.” తర్వాత నా చెవి పట్టుకుంది. “తడి తగిల్తే ఘాటు పోద్దనుకున్నావా? లోపలికి దిగిద్ది. అది ఉన్నట్టుండబట్టేగా పనికొచ్చింది!”

కోతలన్నీ అయిపోయాక పిట్టల గుడ్డను నా చేతిలో పెట్టింది. “నీ పెట్టెలో దాచుకో. ఉతికావంటే మాత్రం చేతులిరగ్గొడతా.” నా సేకరణలో మొదటిది అదే. రుమాళ్ల రాణి పేరు పోలేదు. పదో తరగతి దాకా ఉంది. నేను దాన్ని పోగొట్టుకోవడానికి ఏమీ చేయలేదు కూడా.

ఇప్పుడు ఆ కల్లం లేదు. అక్కడ కోల్డ్ స్టోరేజీ లారీలు ఆగుతున్నాయి. మార్టూరుకి అన్నీ ఒకే కొలతకు కోసిన నూలు గుడ్డలు వస్తున్నాయట, వాటిలో పట్టు ముక్క దొరకదు. కోతకెళ్లేవాళ్లు చెవులకు తగిలించే మాస్కులు పెట్టుకుంటున్నారు. ముఠా చెదిరిపోయింది. గొడుగుల గుడ్డ, చేపల గుడ్డ, గుర్రబ్బండి గుడ్డ ఎవరింట్లో మసిగుడ్డలైపోయాయో తెలియదు, రెండేళ్లు అడిగి తిరిగాను. నాయనమ్మ ముక్కు మొద్దుబారి చాలా కాలమైంది. మల్లెపూలూ తెలియవు, మాడిన కూరా తెలియదు, మిరప ఘాటూ తెలియదు.

హైదరాబాదులో పాత డిజైనర్ స్కార్ఫుల ప్రదర్శన పెడుతున్నవాళ్లు నేను పంపిన ఫొటోల్లో పిట్టల గుడ్డనే ఎంచుకున్నారు. నాలాంటి సేకర్తకు అంతకన్నా పెద్ద పిలుపు రాదు. నడిమి అద్దాల పెట్టెలో పెడతాం, ముందుగా నిపుణుల చేత శుభ్రం చేయించి మరకా వాసనా తీయించి పంపండి అని రాశారు. ప్రతి అక్షరం మర్యాదగానే ఉంది. పదేళ్లప్పుడు బోరు దగ్గర నేననుకున్నదీ అదే మాట.

“ఉతికిస్తే అద్దాల పెట్టెలో పెడతారంట నాయనమ్మా,” అన్నాను.

“ఎవరు కట్టుకోటానికి?”

“ఎవరూ కట్టుకోరు. చూస్తారంతే.”

“దానికి ఉతకటం ఎందుకురా? కళ్లకి ఘాటు తగిలిద్దనా?”

ఫారంలో గడులు నింపాను. కొలత: తొంభై సెంటీమీటర్లు, నలుపక్కలా. అంచు: చేత్తో చుట్టినది. మరక: ఒకటి, తేజ రకం మిరపకాయది, ఇరవై రెండో బస్తాలో పడింది. వాసన: ఉంది. వాడినవారు: మిరప ముఠా మేస్త్రి, కోతలకు. లోపాలు అన్న గడిలో ‘లేవు’ అని రాశాను. కింద ఒక వాక్యం చేర్చాను: ఇలాగే పెట్టగలిగితే పెట్టండి, ఉతకడానికి మాత్రం ఇవ్వను. ఫొటో తీసి అప్పుడే పంపేశాను. వాళ్లు పెట్టకపోతే నా అద్దాల పెట్టె నాకుంది, ఊరగాయ సీసా.

గుడ్డను మడిచి సీసాలో పెట్టి, మూత బిగించి, నోటుపుస్తకం తీశాను. ఏడాదికి ఒక్కసారే విప్పుతాను. లెక్క మొదలుపెట్టిన మొదటి ఏడాది తుమ్ములు పదకొండు. నిరుడు ఆరు. మొన్న ఆదివారం నాలుగు.