లూసెయానే మూయని ట్యాబ్

రాజ్యాల చరిత్రలో కొన్ని తేదీలుంటాయి. ఫలానా రోజున కోట తలుపులు మూశారు, ఫలానా రోజున సంధిపత్రం మీద ముద్ర పడింది అని పిల్లల చేత బట్టీ పట్టిస్తారు. టోంగా దేశంలోని వవావు దీవి చరిత్ర రాయబోయేవారు ఫిబ్రవరి పదకొండు, మంగళవారాన్ని వదిలిపెట్టకూడదు. ఆ రోజు నెయాఫు ఊరి చర్చి ఆఫీసులో గుమాస్తా లూసెయానే తన కంప్యూటర్‌లో ఒక ట్యాబ్ తెరిచింది. ఆ తర్వాత ఏడు నెలల పాటు దాన్ని మూయలేదు.

ఆ ట్యాబ్‌లో ఉన్నది పాటల ఫైళ్ళను ఒక రకం నుంచి ఇంకో రకానికి మార్చే పేజీ. ఫైలును లాగి అందులో పడేస్తే, అడిగిన రూపంలో తిరిగి ఇస్తుంది. లూసెయానేకు ఇది కొత్త విద్యేమీ కాదు. ఇరవై రెండేళ్ళ క్రితం ఈ కుర్చీలో కూర్చున్న కొత్తలో క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు కీర్తనలు ఎక్కించేది. తర్వాత సీడీలు వచ్చాయి, పోయాయి; కుర్చీ మాత్రం అదే. ఇప్పుడు ఆక్లాండ్‌లోని చుట్టాలు పెళ్ళిపాటలు పంపితే ఇక్కడి ఫోన్లు నోరు తెరవవు. ఇక్కడి బ్యాండు మేళం ఫోన్‌లో మోగినంత సేపు మోగి, వ్యాన్‌లోని పాటల పెట్టెలోకి ఎక్కించేసరికి మూగబోతుంది. అందరూ ఆమె దగ్గరికే వస్తారు.

"పాట కొబ్బరినీళ్ళ లాంటిది. చిప్ప మార్చినందుకు నీళ్ళేమీ ఏడవవు," అని వాళ్ళకు ధైర్యం చెప్పి పంపిస్తుంది.

ట్యాబ్ మూయకపోవడానికి కారణముంది. ఆ మంగళవారం సగం పనిలో నెట్ పోయింది. పేజీ మాత్రం ఆగలేదు, ఫైలు మార్చి చేతిలో పెట్టింది. అంటే ఒకసారి తెరుచుకుందంటే ఇది నెట్‌ను అడుక్కోదు, పనంతా ఈ పెట్టెలోనే చేసుకుంటుందని లూసెయానే కనిపెట్టింది. చెబితే ఎవరూ నమ్మలేదు. సరే, నమ్మే రోజు వచ్చేదాకా మూయకూడదనుకుంది.

తనను ఒకసారి ఆపి మళ్ళీ వేయమని కంప్యూటర్ బతిమాలేది. ఆమె 'తర్వాత' అన్న బొత్తాం నొక్కేది. ఒక్క నొక్కుకు వారం గడువు. ప్రతి శనివారం ఆఫీసుకు తాళం వేసేముందు, ప్రార్థన చేసినంత నిష్ఠగా ఆ బొత్తాం నొక్కి ఇంటికెళ్ళేది.

ఈ నిష్ఠను తట్టుకోలేనివాడు కెలెపీ. చర్చి గాయకబృందానికి పెద్ద. అతను కనుబొమ ఎత్తితే నలభై గొంతులు ఒక్కసారిగా ఆగుతాయి. కానీ లూసెయానే అతని మేనత్త. మేనత్త మాటకు ఎదురు చెప్పే మగవాడు టోంగాలో ఇంకా పుట్టలేదు.

"అత్తా, దాన్ని ఒక్కసారి ఆపి వేస్తే గుర్రంలా పరిగెడుతుంది."

"గుర్రం నాకెందుకురా? ఎక్కి ఎక్కడికి పోవాలి?"

"మూస్తే మాత్రం ఆ పేజీ ఎక్కడికి పోతుందని?"

"చెప్పులు ఎక్కడికి పోతాయిలే అని చిన్నప్పుడు నువ్వూ ఇలాగే అనేవాడివి. ఎన్ని జతలు పోయాయో మీ అమ్మనడుగు."

సెప్టెంబరులో ఒక గురువారం సముద్రం అడుగున కేబుల్ తెగింది. దీవి మొత్తానికి నెట్ పోయింది. సరిగ్గా ఆ వారమే రాజధానిలోని రేడియో ఆదివారం పొద్దుటి కార్యక్రమానికి పాటలు అడుగుతోంది. కెలెపీ బృందం రేడియోలో వినిపించి పదకొండేళ్ళయింది. రేడియోవాళ్ళు పెట్టిన షరతు ఒక్కటే, పాట ఎంపీత్రీలో ఉండాలి. కెలెపీ ఫోన్‌లో ఉన్నది మరో రకం. గడువులోగా రాజధానికి పోయే ఆఖరి విమానం శుక్రవారం నాలుగింటికి. ఆ రోజు రెండుంపావుకు కెలెపీ, మర్యాదకు నడుముకు చుట్టుకునే అల్లిక చాప జారిపోతుండగా, రొప్పుతూ ఆఫీసులోకి వచ్చిపడ్డాడు.

"అయిపోయిందత్తా! పదకొండేళ్ళకు వచ్చిన అవకాశం సముద్రం పాలైంది!"

"ముందు నడుముకు ఆ చాప సరిగ్గా చుట్టుకో. చర్చి ఆఫీసు ఇది."

అతను చుట్టుకునేలోగా ఆమె ఫోన్‌కు తీగ తగిలించి, పాటను లాగి పేజీలో పడేసింది. ఆకుపచ్చ గీత పాకడం మొదలైంది.

"నెట్ లేకుండా ఎలా అత్తా?"

"పొయ్యి ఇంట్లోనే ఉంటే వంటకు సంతకెందుకురా పరిగెత్తడం?"

గీత చివరికి చేరుతుండగా వాకిట్లో తోవాకాసే కనిపించింది. పక్క ఊరి బృందానికి ఆమె పెద్ద. ఒక చేతిలో ఫోన్, ఇంకో చేతిలో కొబ్బరిపాలు, మాంసం కలిపి చేమాకుల్లో చుట్టి కాల్చిన పొట్లాలు, ఇంకా పొగలు కక్కుతూ.

"లూసెయానే అక్కా, మా పాటకు కూడా కాస్త చిప్ప మార్చి పెట్టవూ? ఏం కెలెపీ, పాట రికార్డు చేసి వారమైనా నీకింకా ఊపిరి అందలేదే?"

కెలెపీ అత్త చెవి దగ్గరికి వంగాడు. "వద్దత్తా. వాళ్ళ ఆడగొంతులు మనవాటికంటే బాగుంటాయి."

"ఎన్నాళ్ళకు ఒప్పుకున్నావు! పాడటం వచ్చినవాడు పక్కవాడి ఫైలును చూసి భయపడడు. కూర్చో."

కూర్చున్నాడు. నేల మీద. నిమిషం కూడా పట్టలేదు, రెండో పాట కూడా తయారైంది. రెండూ ఒకే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కాయి. ఊరి వ్యాన్‌లో శత్రువు పాటను గుండెకు హత్తుకుని విమానాశ్రయానికి మోసుకెళ్ళే భాగ్యం కెలెపీకే దక్కింది. రాజధానికి పోతున్న ఒక నర్సు చేతిలో పెట్టి, విమానం లేచేదాకా కంచె దగ్గరే నిలబడ్డాడు.

శనివారం ఆఫీసు నిండా జనం. నెట్ లేకుండా పాట మార్చిన పేజీని చూడటానికి ఊరు ఊరంతా కదిలివచ్చింది. చెప్పిందే చెప్పి గొంతు బొంగురుపోయిన లూసెయానే, అందరినీ బయటికి తోలి తాళం వేసుకుని ఇంటికెళ్ళింది.

ఆదివారం ఆరున్నరకు రేడియోలో ముందు తోవాకాసే బృందం వచ్చింది. వెనకే కెలెపీ బృందం. కెలెపీ గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆడగొంతులు మనవే బాగున్నాయి," అంది లూసెయానే.

మేనత్త అన్నాక అది తీర్పు.

ఆదివారం ఎవరూ పని చేయకూడదన్నది దేశ చట్టం. కంప్యూటర్‌కు ఆ చట్టం తెలియదు. శనివారం బొత్తాం నొక్కినవాళ్ళు లేకపోవడంతో, ఊరంతా చర్చిలో ఉండగా అది తనంతట తానే ఆగి, మళ్ళీ లేచింది.

సోమవారం పొద్దున బృందమంతా వచ్చింది. తెరకు వేయడానికి కెలెపీ పూలదండ కూడా తెచ్చాడు. లూసెయానే కంప్యూటర్ ముందు కూర్చుంది. తెర శుభ్రంగా, ఖాళీగా ఉంది. నలభై గొంతులు ఎవరూ కనుబొమ ఎత్తకుండానే ఆగిపోయాయి. దండను ఏం చేయాలో తెలియక కెలెపీ తన మెడలోనే వేసుకున్నాడు.

"ఏడు నెలలత్తా," అన్నాడు మెల్లగా.

అంతకు గంట ముందే శాటిలైట్ మీద నెట్ వచ్చింది. లూసెయానే కళ్ళజోడు పెట్టుకుని, పేజీ చిరునామా కొట్టింది.

తెరుచుకోవడానికి ఆరు సెకన్లు పట్టింది.