అమ్మ తియ్యని రాగం

మా అమ్మది మంచి గొంతని మా పేటంతటికీ తెలుసు. అయినా ఆమెను పెళ్లిళ్లలో పాడమని ఎవరూ అడగలేదు, చావులకే పిలిచేవారు. శ్రీకాకుళానికి తూర్పున సముద్రం ఒడ్డున మా పేట. ఎవరు పోయినా అమ్మ చేపల తట్ట దించేసి వెళ్లి, శవం పక్కన కూర్చుని రాగం తీసేది. పోయినవాడు ఎవరితో కలిసి వల లాగాడో, ఏ కూరైతే ఇంకో ముద్ద తినేవాడో, ఎవరితో తగువు పెట్టుకుని మాట మానేశాడో, అన్నీ ఆ ఏడుపులో వచ్చేవి. అప్పటిదాకా బిగుసుకుపోయి కూర్చున్నవాళ్లు కూడా ఆమె అందుకున్నాక భోరుమనేవారు.

నాకు తెలిసిన మొదటి సంగీతం అదే. ఎంత ఇష్టమంటే, ఏడేళ్లప్పుడు చచ్చిన కోడిపిల్లను ముందు పెట్టుకుని అచ్చం అమ్మలాగే రాగం తీశాను. అమ్మ వచ్చి వీపు మీద ఒక్కటిచ్చింది. ఇంట్లో శవం లేకుండా ఆ రాగం తీస్తే ఆ ఇంట్లో ఎవరిదో శవం లేస్తుందని మావాళ్ల నమ్మకం. కోడిపిల్ల లెక్కలోకి రాదట.

తర్వాత సినిమా పాటల పిచ్చి పట్టుకుంది. ఎచ్చెర్లలో చదివేటప్పుడు మొబైల్ షాపులో మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కించుకునేదాన్ని. అర్థం కాని హిందీ పాటలైతే మరీ గొప్ప. ఒకసారి సెలవులకు స్నేహితురాలిని ఇంటికి తీసుకొచ్చాను. అదే రోజు పక్కింటి తాత పోయాడు. అమ్మ ఏడుపు విని ఆ పిల్ల మొహం తిప్పుకుని నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. మా కాలేజీవాళ్ల ముందు ఇంకెప్పుడూ అలా ఏడవొద్దని, మోటుగా ఉంటుందని అమ్మతో అన్నాను. ఆమె చేపలకు ఉప్పు పట్టిస్తూ కూర్చుంది.

రెండేళ్లకు నాన్న పోయాడు. వేటకెళ్లిన పడవ తిరగబడి, మర్నాడు ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. నా క్లాసువాళ్లు ఆటో కట్టించుకుని వచ్చారు. పేట పేటంతా అమ్మ నోటికేసి చూస్తోంది. ఊరందరి మొగుళ్లకూ ఏడ్చిన మనిషి సొంత మొగుడి తల దగ్గర పెదాలు బిగించి కూర్చుంది. కళ్ల నీళ్లు కారుతూనే ఉన్నాయి, గొంతు మాత్రం లేవలేదు. మొగుడంటే దానికి ప్రేమ లేదన్నారు కొందరు. దినాలయ్యాక, ఎందుకలా చేశావని నేనే అడిగాను.

"నువ్వే కదే వద్దన్నావు. నీ నేస్తాలొచ్చినారని ఊరుకున్నాను," అంది.

ఆపైన ఏ చావుకీ రాగం తియ్యలేదు. సొంత మొగుడికి ఏడవనిదాన్ని ఊరికి ఏ మొహంతో ఏడుస్తానంది.

పెళ్లయి శ్రీకాకుళంలో కాపురం పెట్టాక పాటలన్నీ నెమ్మదిగా చప్పబడ్డాయి. నలభై దగ్గర పడుతుండగా ఒకసారి బొబ్బిలి వెళ్లాం. వీణలు చేసే ఇంట్లో ఒకాయన కొత్త వీణను సరిచూస్తూ తీగను పక్కకు లాగి వదిలాడు. స్వరం పైనుంచి జారుతూ కిందికి దిగింది. మా అమ్మ 'ఓలమ్మో' అంటూ దిగే చోటే అది. నాకు దుఃఖం ఆగలేదు. మా ఆయనకేమో కళ్లలో చెక్కపొట్టు పడిందని చెప్పాను.

ఆ ఆదివారమే ఫోన్ పట్టుకుని అమ్మ దగ్గరకెళ్లి, ఒక్కసారి తియ్యమని, రికార్డు చేసి దాచుకుంటానని బతిమాలాను.

"శవం లేకుండా ఎలా తీస్తానే? ఎవుల్ని సావమంటావు?" అంది. నవ్వుతూనే అంది.

పోయిన వానాకాలం అమ్మే పోయింది. మాలో తల్లి పోతే కూతురు అందుకున్నాకే మిగతా ఆడవాళ్లు గొంతెత్తాలి. అందరూ నాకేసి చూస్తూ కూర్చున్నారు. నోరు తెరిచాను. అమ్మ ఏ కూరైతే ఇంకో ముద్ద తినేదో గుర్తు రాలేదు. ఆ మెమరీ కార్డులో పాటలు మాత్రం ఇప్పటికీ వరస తప్పకుండా గుర్తున్నాయి. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని చప్పుడు లేకుండా ఏడ్చాను.

కాసేపు చూసి, వెనకనున్న ముసలామె పక్కవాళ్లతో మెల్లగా అంది: "దాన్నొగ్గీయండే. సదువుకున్నాది, దానికి రాదు."

పేటలో అందరినీ రాగం తీసి సాగనంపిన అమ్మను, ఏ రాగమూ లేకుండానే తీసుకెళ్లారు.