చేతిరుమాలు కింద చెప్పిన ధర

1965లో నన్ను కరీంనగర్ జిల్లా ఉపాధి కార్యాలయానికి వృత్తి మార్గదర్శక అధికారిగా వేశారు. ఆ పేరు విన్నవాళ్లు నేను కలెక్టరుకు ఒక్క మెట్టు కింద ఉంటానని అనుకునేవారు. నిజానికి నా పైన జిల్లా ఉపాధి అధికారి, ఆయన పైన ప్రాంతీయ అధికారి, నా కింద ఒక కుర్చీ. ఆ కుర్చీకి మూడు కాళ్లు, నాలుగోది ఇటుక. ఉద్యోగం కావాలన్నవాళ్ల పేర్లు నమోదు చేసుకుని, ఖాళీలు వచ్చినప్పుడు వరస ప్రకారం పంపడం ఆఫీసులో మిగతావాళ్ల పని. ఏ చదువు చదివితే ఏ కుర్చీ దొరుకుతుందో చెప్పడం నా పని.

ఆ ఏడే ఉత్తరాదిలో ఒక విద్యాసంస్థ విదేశీ వాణిజ్యంలో పోస్టుగ్రాడ్యుయేట్ చదువు పెట్టినట్టు మాకు సర్క్యులర్ వచ్చింది. బీకాం పాసై, వయసు పరిమితి దాటనివాళ్లు అర్హులు. ముందు రాత పరీక్ష, గట్టెక్కితే హైదరాబాదులో ఇంటర్వ్యూ, ఎంపికైతే ఉపకార వేతనం. చదువయ్యాక ఎగుమతి కంపెనీలు, ఓడల కంపెనీలు, బ్యాంకుల్లో విదేశీ మారకం విభాగాలు, అదృష్టం పండితే రాయబార కార్యాలయాల్లో వాణిజ్య శాఖ. నేను ఇంత పొదుపుగా చెప్పేవాణ్ణి కాదు. కరీంనగర్ పిల్లవాడు రేవులో నిలబడి చెయ్యి ఊపితే తప్ప లండన్‌లో ఓడ కదలదన్నట్టు చెప్పేవాణ్ణి. జిల్లా మొత్తం మీద ఆ మాటలు నమ్మినవాడు ఒక్కడే, జమ్మికుంట రాజేశం.

రాజేశం తండ్రి మల్లయ్య పత్తి మార్కెట్టులో దలాలి. రైతుకూ జిన్నింగు మిల్లు సేటుకూ మధ్య బేరం కుదిర్చే మనిషి. ఆ బేరం నోటితో జరిగేది కాదు. దలాలి తన భుజం మీది తువ్వాల తీసి ఎదుటివాడి చేతి మీద కప్పి, దాని చాటున వేళ్లు నొక్కి ధర చెప్పేవాడు. సరుకు మిల్లు చేరేదాకా ఆ ధర బయటివాళ్ల చెవిన పడకూడదు. పడితే దలాలి మాట పోయినట్టే. మర్నాటి నుంచి అతని తువ్వాల కిందికి ఎవరూ చెయ్యి పెట్టరు.

దరఖాస్తు పంపే రోజున మల్లయ్య మా ఆఫీసుకు వచ్చాడు. "సారూ, గీ ఒక్కపారి. సీటొస్తె పోనియ్యి. రాకుంటె నా పక్కన కూసుంటడు. మల్ల వచ్చే ఏడు అడగద్దు" అన్నాడు. వచ్చే ఏడు అడిగినా లాభం లేదు, అప్పటికి రాజేశం వయసు పరిమితి దాటిపోతుంది.

రాత పరీక్షలో రాజేశం గట్టెక్కాడు. చలికాలంలో పత్తి సీజను ఊపు మీద ఉండగా ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. తండ్రి పక్కన కూర్చుని ఒక పెద్ద బేరం కుదిర్చి, ఆ సాయంత్రమే బస్సెక్కి నా దగ్గరికి వచ్చాడు. కొన్ని వారాలు మా ఇంటి పక్క గదిలో ఉంచి తయారు చేశాను. రేవుల పేర్లు, సరుకు అప్పగింత షరతులు, కొనేవాడి తరఫున బ్యాంకు పూచీపడే లెటర్ ఆఫ్ క్రెడిట్, అన్నీ నిద్రలో లేపినా చెప్పేవాడు. టై కట్టుకోవడం కూడా నేర్పాను. నాకూ రాదు కాబట్టి ఇద్దరం కలిసే నేర్చుకున్నాం. ఒక సాయంత్రం నా మెడకు పడ్డ ముడి విప్పడానికి సగం వీధి పోగైంది.

ఇంటర్వ్యూ బోర్డులో ముగ్గురు సభ్యులు. అభ్యర్థిని సిఫారసు చేసిన నాలాంటి అధికారి మూల కుర్చీలో కూర్చోవచ్చు గానీ, అడిగితే తప్ప నోరు తెరవకూడదని నిబంధన. నా సర్వీసులో అంత క్రూరమైన నిబంధన మరొకటి చూడలేదు. అధ్యక్షుడు పదవీ విరమణ చేసిన పెద్ద అధికారి. ఆయన మీసాల మీద మా ఆఫీసు ఫైళ్లన్నీ ఆరబెట్టవచ్చు. రాజేశం జవాబులకు ఆ మీసాలు సంతోషంతో కదిలాయి. ఆ సంతోషంలోనే ఆయన ఇంటి సంగతుల్లోకి దిగి, మీరు ఈ మధ్య కుదిర్చిన పత్తి బేరం ఏ ధరకు అని అడిగారు.

చెప్పకూడదన్నాడు రాజేశం. తెలియదా అని అడిగారు. తెలుసు, సరుకు మిల్లు చేరిందన్న కబురు ఇంకా రాలేదు కాబట్టి చెప్పకూడదన్నాడు. ధర చెప్పనివాడు విదేశాలతో ఏం వ్యాపారం చేస్తాడని ఒక సభ్యుడు నవ్వాడు. సరే, నేనే కొత్త సరుకు కొనడానికి వచ్చాననుకో, నాకెలా చెబుతావని అధ్యక్షుడు అడిగారు.

రాజేశం లేచాడు. బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, జేబులోంచి చేతిరుమాలు తీసి అధ్యక్షుడి చేతి మీద కప్పి, వేళ్లు పట్టుకుని నొక్కాడు. డాక్టరు నాడి చూస్తుంటే రోగం బయటపడుతుందేమోనన్నట్టు బిగుసుకుపోయారాయన. ఆ రోజు పత్తికి న్యాయమైన ధరే చెప్పానని రాజేశం తర్వాత నాతో అన్నాడు. మిగతా ఇద్దరికీ అది కనబడలేదు, అధ్యక్షుడికి అర్థం కాలేదు. ఆయన చెయ్యి లాక్కుని నా వైపు చూశారు. తువ్వాల చాటు బేరం సంగతి విన్నవించాను. శ్రద్ధగానే విన్నారు. విదేశీ వ్యాపారంలో ధర కాగితం మీద ఉంటుంది, దాన్ని అందరూ చదువుతారు, అన్నారు. సాయంత్రం నోటీసు బోర్డు మీద అంటించిన పేర్లలో రాజేశం పేరు లేదు.

తిరుగు బస్సులో, "ఏదో ఒక అంకె అనరాదా?" అన్నాను.

"అబద్ధం జెప్పుమంటరా సార్?"

"నిజమే చెప్పాల్సింది. హైదరాబాదులో జమ్మికుంట పత్తి ఎవడికి కావాలి?"

"నాకు గావాలె గద సార్. బాపు మాట పోతె మా ఇంట్ల ఇంకేముంటది?"

జమ్మికుంట దాకా వెంట వెళ్లాను. జరిగింది విని మల్లయ్య భుజం మీది తువ్వాల తీసి కొక్కేనికి తగిలించాడు. అప్పుడు అన్నాడు: "గా ధరనారా? గది దాసుడెందుకు బిడ్డా? సరుకు బండ్లకెక్కకముందే గా సేటు చాయ్ హోటల్ల కూసోని అందరికి జెప్పిండు. బజార్ల కుక్కకు సుత ఎరుకే."

"మరి నాకెవ్వలు జెప్పలేదేందే బాపూ?"

"నువ్వు కరీంనగర్ల టై కట్టుకుంటుంటివి."

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు ముగ్గురం పడీపడీ నవ్వేవాళ్లం. ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు. రాజేశం సంచిలోంచి టై తీసి తండ్రి చేతిలో పెట్టి, కొక్కేనికున్న తువ్వాల తీసుకుని మార్కెట్టుకు వెళ్లాడు. వయసు పరిమితి ఆ ఏటితో దాటింది. మంచి దలాలి అయ్యాడని తర్వాత విన్నాను.

ఆ చదువుకు నా దగ్గర్నుంచి ఇంకొందరు వెళ్లారు. వాళ్లకు రేవుల పేర్లు తర్వాతే నేర్పేవాణ్ణి. ముందు మాత్రం, మీ ఇంట్లో బయటికి చెప్పకూడనిది ఏమైనా ఉందా అని అడిగేవాణ్ణి. ఉందంటే, అది ఇప్పటికీ రహస్యమేనా కాదా ఊరికి పోయి కనుక్కుని రమ్మనేవాణ్ణి.