గుమ్మడి పిందెకు చూపిన వేలు

ఈ పొద్దున పెరట్లోకి వెళ్లి చూస్తే నాలుగో గుమ్మడి పిందె కూడా పసుపురంగుకు తిరిగి, మెత్తబడి ఉంది. ఒళ్లు మండిపోయింది. ఈ ఉప్పుగాలికీ ఇసకనేలకీ ఓర్చి, ఎర్ర పెంకు పురుగులను ఒక్కొక్కటిగా ఏరి, ఆకులకు బూడిద తెగులు పడితే మజ్జిగ నీళ్లు చల్లి, ఇంత చాకిరీ చేశాక కూడా ఒక్క కాయ దక్కకపోతే ఎవరికైనా విసుగు రాదా? ఆ కోపంలోనే పిందెను కోశాను. లోపల తెల్లటి పురుగులు లుకలుకలాడుతున్నాయి. పట్టుకెళ్లి ఎరువుల దుకాణం ఆయనకు చూపిస్తే, ఇది పండు ఈగ పనమ్మా, లేత పిందెను పొడిచి గుడ్లు పెడుతుంది, పువ్వు వాడగానే గుడ్డసంచీ కట్టండి, చాలు అన్నాడు.

ఈగ అట. అరవై ఏళ్లుగా నేను వేలు అనుకుంటున్నాను.

మన తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, గుమ్మడి పిందెను వేలెత్తి చూపిస్తే కుళ్లిపోతుందని మన ఇళ్లలో ఎంత గట్టి నమ్మకమో. తప్పనిసరైతే వేలు మడిచి చూపించాలి. వాకాడు దగ్గర సముద్రపు ఒడ్డున మా ఇంట్లో, అమ్మ చేపలు కడిగిన నీళ్లు పోసి పెంచిన పాదు వంటింటి కప్పు మీదకు పాకేది. నాన్న వేటకు పోయి ఉత్త వలతో తిరిగొచ్చిన రోజుల్లో ఇంటిల్లిపాదికీ గుమ్మడికాయ పులుసే దిక్కు, అందుకే అమ్మకు ఆ పిందెలంటే ప్రాణం.

నాన్నకు అక్క, మా మేనత్త, భర్త పోయాక మా ఇంట్లోనే ఉండేది. కావలిలో కాపురం చేసిన మనిషి, ఈ పట్టింపులేవీ లేవు. రోజూ నా చెయ్యి పట్టుకుని పాదు దగ్గరకు తీసుకెళ్లి పిందెలను వేలుపెట్టి లెక్కపెట్టించేది. నాకు అంకెలు వచ్చింది అలాగే. ఆ ఏడాది పిందెలన్నీ వరసగా కుళ్లాయి. వేలు చూపించింది ఎవరని అమ్మ నిలదీస్తే, నేనూ చూపించిన సంగతి మింగేసి అత్త పేరు చెప్పాను. ఏడేళ్లదాన్ని, దెబ్బలంటే భయం.

అమ్మ కేకలు వేయలేదు. అన్నం వడ్డిస్తూ, "నీకు దణ్ణం పెడతా వొదినా, ఇంక పాదు కాడికి రాబాక," అంది. అత్త నా వైపు ఒకసారి చూసింది. సాయంత్రానికి ట్రంకుపెట్టె సర్దుకుని కావలిలో మరిది ఇంటికి బస్సెక్కింది. ఆ తర్వాత పెళ్లికో చావుకో వచ్చినా పెరట్లో అడుగుపెట్టలేదు. నిజం చెబుదామని ప్రతిసారీ అనుకునేదాన్ని, చిన్నప్పటి ముచ్చట ఇప్పుడెందుకులే అని దాటేసేదాన్ని. చెప్పకముందే ఆవిడ పోయింది.

అత్త వెళ్లాక కూడా పిందెలు కుళ్లుతూనే ఉన్నాయి. అప్పుడైనా మాకు బుద్ధి రాలేదు, అమ్మ పొరుగింటివాళ్లను అనుమానించింది.

ఇప్పుడు ఏ తెగులుకు ఏ మందో ఫోనే చెబుతుంది. వేలు మడవాలంటే నా మనవరాలు పడీపడీ నవ్వుతుంది. నవ్వనీ. మధ్యాహ్నం పాత పంచె చింపి, సంచీ కుట్టి, అయిదో పిందెకు కట్టాను. అది నిలుస్తుందో లేదో తెలియదు గానీ కడుతున్నంతసేపూ నా మీద నాకే కోపం. ఇంత గుడ్డముక్కతో పోయేదానికి మేము ఇంటి ఆడబిడ్డను పంపించేశాం.